మూడో తీగ, అర చుట్టు

కోబర్న్ మిల్స్, మసాచుసెట్స్
జనవరి 14, 1997

ప్రియమైన యానీ,

ఏటా క్రిస్మస్ కార్డు మీద రెండు ముక్కలు గీకి పంపే నేను ఇంత పొడుగు కాగితం తీశానంటే ఏదో ఉందని నీకు ఈపాటికే అర్థమయ్యుంటుంది. ఉంది. మన చర్చి అమ్మేశారు. కొన్నవాళ్ళు దాన్ని ఫ్లాట్లుగా మారుస్తారట. జూన్ ఒకటికల్లా కింద నేలమాళిగ ఖాళీ చేసి తాళాలివ్వాలి.

నిన్న దిగి చూసొచ్చాను. మడత కుర్చీలు అలాగే ఉన్నాయి, వాటి వీపుల మీద నువ్వు రాసిన నంబర్లతో సహా. కాఫీలు అందించే వంటగది కిటికీలో నా అరవై కప్పుల కాఫీ గిన్నె కూడా ఉంది, కుళాయి మాత్రం విరిగింది. మెట్ల మీద కాసేపు కూర్చున్నాను. మన శుక్రవారాలన్నీ వరసగా వచ్చి నా పక్కన కూర్చున్నాయి. మైకు లేదు, లైట్లు లేవు, నాలుగు యాపిల్ పెట్టెల మీద పరిచిన ఒక చెక్క. గది నిండా తడిసిన ఉన్ని కోట్ల వాసన. గిటారుతో ఎవరైనా వచ్చి కూర్చుంటే నలభైమంది దగ్గు కూడా ఆపుకునేవాళ్ళం. వెస్ట్ వర్జీనియా నుంచి వచ్చిన గుడ్డావిడ గుర్తుందా? ఒక్క బొటనవేలితో ముగ్గురి పని చేసింది. మధ్యలో తీగ తెగితే "పోన్లెండి, అది ఎప్పుడూ అబద్ధాలే చెప్పేది" అని మిగిలిన ఐదింటితో కానిచ్చేసింది.

ఇక మన అర్మాండ్. పగలంతా మిల్లులో కాగితం చుట్టలు దొర్లించి, చేతులు కడుక్కుని నేరుగా వచ్చేసేవాడు. వాళ్ళమ్మ పాట వాయించే ముందు శ్రుతి మార్చుకునేవాడు కదా. ఎడమ కన్ను మూసి, కింది పెదవి పంటితో పట్టుకుని, ఒక్కో బిరడా తిప్పి, తీగ దారికొచ్చినప్పుడల్లా చిన్నపిల్లాడిలా తల ఊపేవాడు. ఆ ముఖం నేను మర్చిపోలేను.

అతను మళ్ళీ ఊళ్ళోకి వచ్చాడు యానీ. అక్టోబరులో పక్షవాతం కొట్టింది. మేనకోడలు సిమోన్ దగ్గర ఉంటున్నాడు. కుడి చెయ్యి పడిపోయింది, మాట ముద్దగా వస్తుంది. చెవులు మాత్రం బాగానే ఉన్నాయి. ఇంకోసారి వస్తే తట్టుకోలేడని డాక్టరు చెప్పాడట.

మే పదో తారీకు, శనివారం మధ్యాహ్నం, తాళం వేసే ముందు అందరం ఆఖరుసారి కింద కలుద్దామనుకుంటున్నాం. నువ్వు రావాలి. రెండేళ్ళు అప్పుడప్పుడూ జరిగేదాన్ని ప్రతి శుక్రవారం జరిగేలా చేసింది నువ్వు. నువ్వు లేకుండా ఆ కుర్చీలు నేనెలా వేసేది?

నీ
క్లో

* * *

ఆస్టోరియా, ఒరెగాన్
ఫిబ్రవరి 2, 1997

ఒసేయ్ క్లో,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నవ్వాను. రెండోసారి ఏడ్చాను. మూడోసారి కోపం వచ్చింది, నీ మీద కాదులే.

నేను రాను. ఎందుకో నీకు తెలుసు. అయినా ఒకసారి కాగితం మీద పెడతాను, ఇరవై మూడేళ్ళుగా ఎవరికీ చెప్పుకోలేదు.

అర్మాండ్ వాళ్ళమ్మ ఆ శ్రుతి గోడవైపు తిరిగి చేసుకునేదట. ఇంట్లో పోయిన పసిబిడ్డ కోసం కట్టిన పాట అది. తన తర్వాత వాయించే ఒక్కరికే చెప్పాలని ఆవిడ నియమం. అందుకే అర్మాండ్ కూడా మనకి వీపు చూపించి శ్రుతి చేసేవాడు. అలా తిరిగి కబుర్లు చెబుతుంటే జనం నవ్వేవాళ్ళు. మొదటి వరస, మూడో కుర్చీ నాది. డెబ్భై ఒకటి వేసవిలో ఏటి ఒడ్డున కూర్చోబెట్టి ఆ శ్రుతి నాకు నేర్పాడు. అతను నాకు ఉంగరం ఇవ్వలేదు క్లో. అది ఇచ్చాడు. నాకు అంతకంటే ఏమీ అక్కర్లేకపోయింది.

రెండేళ్ళకి కీత్ ఆష్‌బీ రికార్డు వచ్చింది. మన దగ్గర నాలుగు శుక్రవారాలు వాయించి, బోస్టన్ వెళ్ళిపోయిన అందగాడు. అదే పాట, పేరు మార్చి, తన సొంతమని వేసుకున్నాడట. ఆ శుక్రవారం అర్మాండ్ గిటారు లేకుండా వచ్చాడు. చెక్క ఎక్కి నిలబడ్డాడు. "ఈ శ్రుతి మా అమ్మ నాకొక్కడికే చెప్పింది. నేను ఒక్క మనిషికే చెప్పాను. ఆ మనిషి ఇక్కడే కూర్చుని ఉంది" అన్నాడు. నలభై తలలు నా వైపు తిరిగాయి. "నేను కాదు అర్మాండ్" అన్నాను. "మరింకెవరు?" అన్నాడు. ఎవరో నాకు ఈ రోజుకీ తెలియదు.

మర్నాడు నన్ను బస్సు దాకా దిగబెట్టింది నువ్వొక్కదానివే. పెట్టె మోశావు. దారిలో తినమని డోనట్లు కట్టిచ్చావు. ఆ ఊళ్ళో నన్ను నమ్మిన మనిషి ఒకరున్నారని అది పట్టుకునే ఇన్నేళ్ళు గడిపాను. ఇక్కడ పిల్లలకి గిటారు నేర్పి బతుకుతున్నాను. మామూలు శ్రుతే. ఆ శ్రుతి మళ్ళీ ముట్టుకోలేదు. ఆ రికార్డు ఒక్కసారి కూడా వినలేదు, ఎక్కడైనా మోగితే బయటికి వెళ్ళిపోతాను.

అతనికి నా మాట చెప్పకు. నేను దొంగని కాదని అతను నమ్మి చనిపోతే చాలు నాకు, కానీ ఎలా నమ్ముతాడు?

యానీ

తా.క. కవరు అంటించబోతూ నీ ఉత్తరం మళ్ళీ చూశాను. ఎడమ కన్ను మూసేవాడని, పెదవి కొరికేవాడని రాశావు. ఆరేళ్ళు మొదటి వరసలో కూర్చున్నాను నేను. శ్రుతి చేసేటప్పుడు అతని వీపు తప్ప ఏమీ చూడలేదు. ఏటి ఒడ్డున మాత్రమే ఆ ముఖం చూశాను. నీకెలా తెలుసు?

* * *

కోబర్న్ మిల్స్
ఫిబ్రవరి 20, 1997

ప్రియమైన యానీ,

ఇక్కడ మోకాలి లోతు మంచు. కమిటీ అంటూ ఏడుగురం చేరాం, ఏడుగురికీ తొమ్మిది అభిప్రాయాలు. ఓట్స్ బిస్కెట్లు చాలని నేను, కాదు యాపిల్ పై కూడా ఉండాలని మిసెస్ కొవాల్స్కీ. యాపిల్ రసం వేడిగా ఇవ్వాలా చల్లగా ఇవ్వాలా అని గంటసేపు కొట్టుకున్నారు. నువ్వుంటే బల్ల మీద ఒక్క చరుపు చరిచి తేల్చేసేదానివి.

ముఖం సంగతి అడిగావు. ఎవరో అనగా విన్నానేమో. ఇన్నేళ్ళయ్యాక ఏది చూసిందో ఏది విన్నదో తేలుతుందా? నాకసలే సంగీతం చెవికెక్కదని అందరూ ఆటపట్టించేవాళ్ళు. పుట్టినరోజు పాట అందుకుంటే మా ఇంట్లో కుక్క లేచి బయటికి పోయేది.

నీ టికెట్ సంగతి నేను చూసుకుంటాను. బోస్టన్ దాకా వస్తే కారులో వచ్చి తీసుకొస్తాను. ఆలోచించు.

క్లో

* * *

ఆస్టోరియా
మార్చి 3, 1997

క్లాడెట్,

నేలమాళిగ బొమ్మ గీశాను. కుర్చీల వరసలు, చెక్క, దాని వెనక గోడ. ఆ గోడలో వంటగది కిటికీ. కిటికీలో కాఫీ గిన్నె.

మాకు వీపు చూపిస్తే అతను ఎవరి వైపు తిరిగినట్టు?

యానీనా

* * *

కోబర్న్ మిల్స్
మార్చి 17, 1997

యానీ,

నా వైపు.

ఈ రెండు మాటలు రాయడానికి రెండు వారాలు పట్టింది. నాలుగు కాగితాలు చింపాను. ఇక చింపను.

అతను లోకమంతటి నుంచీ దాచుకున్నది నాకు మూడడుగుల దూరంలో చేసేవాడు. కాఫీ పోసే మనిషిని ఎవరు చూస్తారు? నాకు సంగీతం తెలియదని అతనికి తెలుసు. తెలియదు, నిజమే. కానీ లెక్కపెట్టడం తెలుసు. పగలు మిల్లులో కాగితాల కట్టలు లెక్కపెట్టడమే కదా నా ఉద్యోగం. చేతులు ఖాళీగా ఉంటే కళ్ళు వాటంతటవే లెక్కపెట్టేవి. ఆరో తీగ ఇన్ని చుట్లు కిందికి, రెండోది ఇంత, మొదటిది ఇంత. వారం వారం చూసి చూసి వంట చేసే పద్ధతిలా వచ్చేసింది.

కీత్ ఒక శుక్రవారం కిటికీ దగ్గరికొచ్చాడు. అందరూ "చక్కెర ఎక్కడ" అని అడిగేవాళ్ళు. అతను, "క్లాడెట్, ఇవాళ అర్మాండ్ వాయించింది నీకెలా అనిపించింది?" అన్నాడు. ఆరేళ్ళలో ఆ ప్రశ్న నన్ను అడిగిన మొదటి మనిషి. నాకు ఒళ్ళు తెలియలేదు. "నాకు పాటలు తెలీవు గానీ, బిరడాలు ఎన్ని చుట్లు తిప్పుతాడో చెప్పమంటే చెబుతా" అన్నాను గొప్పగా. "అబ్బో, చెప్పు చూద్దాం" అన్నాడు. చెప్పేశాను. పేపరు రుమాలు మీద రాసిచ్చాను కూడా. పరీక్షలో ఫస్టు వచ్చినదానిలా నవ్వుకుంటూ ఇంటికెళ్ళాను.

నేనిచ్చింది ఏమిటో అప్పుడు నాకు తెలియదు యానీ. నియమం సంగతి నీ ఉత్తరంలోనే మొదటిసారి చదివాను. కానీ ఆ రోజు అతను చెక్క మీద నిలబడి "మరింకెవరు?" అన్నప్పుడు తెలిసిపోయింది. నా చేతిలో పాల కూజా ఉంది. అది కింద పెట్టి "నేను" అనడానికి ఎంతసేపు? పెట్టలేదు. మర్నాడు నీ పెట్టె మోశాను. డోనట్లు కట్టాను. బస్సు కదిలేదాకా చెయ్యి ఊపాను.

నా కూతురి పెళ్ళిలో బ్యాండువాళ్ళు ఆ రికార్డులో పాటే వాయించారు. మా ఆయన డాన్సుకి చెయ్యి చాపాడు. కాలు నొప్పని చెప్పి వంటగదిలోకి పోయి కూర్చున్నాను.

భయపడ్డాను, అంతే. అందరూ నావైపు అలా చూస్తారని భయం. నువ్వు మోసిన చూపు నాది. క్షమించమని అడిగే ముఖం నాకు లేదు.

క్లాడెట్

* * *

ఆస్టోరియా
ఏప్రిల్ 9, 1997

క్లాడెట్ పెల్కీకి,

మూడు వారాలు జవాబు రాయలేదు. నీకు రాయదలచిన మాటలు కాగితం మీద పెట్టేవి కావు. రోజూ రేవు దాకా నడిచి అక్కడ గట్టిగా తిట్టి వచ్చేదాన్ని. చేపలు పట్టేవాళ్ళు నాకు మతి పోయిందనుకుని ఉంటారు. నన్ను దొంగ అన్నవాళ్ళని క్షమించడానికి ఇన్నేళ్ళు ప్రయత్నించాను. నా మీద జాలిపడ్డదాన్ని క్షమించాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. ఆ డోనట్లు బస్సులో తింటూ నీ కోసం ప్రార్థన చేశాను, తెలుసా?

నిన్న పాత రికార్డుల కొట్టుకి వెళ్ళి కీత్ ఆష్‌బీని కొన్నాను. ఇంటికొచ్చి తలుపేసుకుని పెట్టాను. "ఏప్రిల్ పెళ్ళికూతురు" అట పాట పేరు. పోయిన బిడ్డ కోసం కట్టిన పాటకి ఆ పేరెలా పెట్టాడా అనుకుంటూనే సూది దించాను.

పది క్షణాలకి తీసేశాను. మళ్ళీ పెట్టాను. ఐదుసార్లు విన్నాను.

శ్రుతి తప్పు. మూడో తీగ అర చుట్టు తక్కువ దిగింది. అది పూర్తిగా దిగితే పాట ఏడుస్తుంది. సగంలో ఆగితే నవ్వుతుంది. అందుకే జనం దాన్ని పెళ్ళిళ్ళలో వాయిస్తున్నారు. నీ ఉత్తరం మళ్ళీ తీసి చూశాను. ఆరు, రెండు, ఒకటి అని రాశావు. మూడో తీగ సంగతే లేదు. ఆ సమయానికి నువ్వేం చేస్తుండేదానివి? కాఫీ గిన్నె పొంగిందా? ఎవరైనా చక్కెర అడిగారా?

ఇప్పుడు విను. నేను చెప్పి ఉంటే ఆ తప్పు జరిగేది కాదు. ఏటి ఒడ్డున ఆ మూడో తీగనే అతను నాతో వందసార్లు దింపించాడు. నేను దొంగని కాదన్న సాక్ష్యం ఇరవై మూడేళ్ళుగా దేశంలో ప్రతి కొట్టులోనూ అమ్ముడవుతోంది. అతను కోపంతో వినలేదు. నేను అవమానంతో వినలేదు. గిటారు వినడానికే పుట్టామనుకున్న ఇద్దరం ఒక్క మూడు నిమిషాలు చెవి పెట్టలేకపోయాం.

రికార్డు దీనితో పంపుతున్నాను. నువ్వు అతని దగ్గరికి వెళ్ళు. ఉత్తరం రాయడం కాదు, ఫోను చెయ్యడం కాదు. ఎదురుగా కూర్చుని నీ నోటితో చెప్పు. తర్వాత ఇది వినిపించు. ఏమన్నాడో ఒక్క మాట కూడా కలపకుండా, తియ్యకుండా రాయి. లెక్కపెట్టడం వచ్చు కదా నీకు.

యానీనా వోయ్‌చిక్

* * *

కోబర్న్ మిల్స్
ఏప్రిల్ 21, 1997

యానీ,

ఆదివారం ప్రార్థన అయ్యాక వెళ్ళాను. సిమోన్ తలుపు తీసి, "బిస్కెట్లు తెచ్చారా ఆంటీ?" అంది. లేదన్నాను. ఖాళీ చేతులతో ఆ గడప ఎక్కడం అదే మొదటిసారి.

కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. కుడి చెయ్యి ఒళ్ళో దిండు మీద పెట్టి ఉంది. నన్ను చూసి నవ్వడానికి ప్రయత్నించాడు. నేను కూర్చోకముందే మొదలుపెట్టాను, కూర్చుంటే ఆగిపోతానని. మొత్తం చెప్పాను. కీత్, పేపరు రుమాలు, పాల కూజా. ఎక్కడా ఆపలేదు. సిమోన్ గుమ్మంలో నిలబడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

తర్వాత "నువ్వా?" అన్నాడు.

"నేనే."

"ఎందుకు?"

"నన్ను అడిగాడు కాబట్టి. ఇంకెవరూ ఏదీ అడగలేదు కాబట్టి."

నా వైపు తేరిపార చూశాడు. ఒక్కో మాటా వెతుక్కుంటూ అన్నాడు: "నువ్వు... ఎదురుగానే ఉండేదానివి. నేను నిన్ను... ఎప్పుడూ చూళ్ళేదు."

అది తిట్టో, క్షమాపణో నాకు తెలియదు. రెండూ కావేమో.

రికార్డు పెట్టమని సిమోన్‌కి సైగ చేశాడు. ఎప్పుడైనా విన్నావా అని అడిగితే తల అడ్డంగా ఊపాడు. మిల్లు క్యాంటీన్ రేడియోలో, యంత్రాల హోరులో అర నిమిషం విన్నాడట, అంతే. సూది దిగింది. ఎడమ కన్ను మూసుకున్నాడు యానీ. కింది పెదవి పంటితో పట్టుకున్నాడు. కొంచెం మోగేసరికి ఎడమ చెయ్యి ఎత్తి "ఆపు" అన్నాడు. సిమోన్ ఆపింది.

"మూడో తీగ" అన్నాడు. గాలిలో బిరడా తిప్పినట్టు వేళ్ళు తిప్పాడు. "అర చుట్టు... తక్కువ."

నువ్వు అడిగావు కదా, ఆ సమయానికి ఏం చేస్తుండేదానినని. గుర్తొచ్చింది. అతను ప్రతిసారీ మూడో తీగ దగ్గర సగంలో ఆగి ఒక కబురు చెప్పేవాడు. జనం నవ్వేవాళ్ళు. అయిపోయిందనుకుని నేను కప్పులు తీసుకు రావడానికి లేచేదాన్ని. నీకు రాసేటప్పుడు వదిలేశాను గానీ, కీత్‌కి ఆ మొదటి సగం రాసిచ్చాను. మిగిలిన సగం నా వెనకాల తిప్పేవాడన్నమాట.

తర్వాత అతను ఏడ్చాడు. ముఖం ఒకవైపే ఏడ్చింది, రెండోవైపు కదలలేదు. "యానీ అయితే... తప్పు చెయ్యదు" అన్నాడు. మూడుసార్లు అన్నాడు. నేను లెక్కపెట్టాను. "నలభైమంది ముందు అన్నాను దాన్ని. నలభైమంది ముందు" అన్నాడు. సిమోన్ నన్ను ఇక వెళ్ళమంది. గుమ్మం దాకా వచ్చాక వెనక నుంచి పిలిచాడు. "దానికి... ఆ శ్రుతి... గుర్తుందేమో అడుగు."

అడుగుతున్నాను.

ఇవాళ పొద్దున్న మళ్ళీ వెళ్ళాను. సిమోన్ లోపలికి రానివ్వలేదు. తప్పు పట్టను. ఆయనకి రాత్రి నుంచి ఒంట్లో బాగాలేదంది.

క్లాడెట్

* * *

ఆస్టోరియా
ఏప్రిల్ 28, 1997

క్లాడెట్,

నీ ఉత్తరం వచ్చిన రోజు పెట్టెలోంచి పాత గిటారు తీశాను. కొత్త తీగలు వేశాను. నాకు గుర్తుందో లేదో తెలియదు గానీ, వేళ్ళకి గుర్తుంది. మూడో తీగ సగానికి దిగాక చెయ్యి దానంతట అదే ఆగింది, అతను కబురు చెప్పే చోట. నా దగ్గర చెప్పడానికి కబురేమీ లేదు. మిగిలిన సగం తిప్పాను. పాట చివరిదాకా వాయించి, గిటారు మీద తల పెట్టుకుని ఏడ్చాను.

నిన్న సిమోన్‌కి ఫోను చేశాను. రిసీవరు అతని చెవి దగ్గర పెట్టమన్నాను. "గుర్తుంది" అని చెప్పాను. ఊపిరి వినిపించింది. ఇన్నేళ్ళు దాచుకున్న మాటలు ఫోనులో పట్టవు. నేను వచ్చేదాకా ఉంటాడో లేదోనని భయంగా ఉంది. ఆ భయం నీకు కూడా ఉండాలి.

మే తొమ్మిదో తారీకు బోస్టన్‌లో దిగుతున్నాను. నువ్వు కారు తేవద్దు, బస్సెక్కి వస్తాను. నిన్ను నేనింకా క్షమించలేదు. క్షమిస్తానో లేదో తెలియదు. పనులు మాత్రం చెబుతున్నాను, చెయ్యి.

మొదటి వరస, మూడో కుర్చీ అర్మాండ్‌కి. అతను రాలేని పరిస్థితి అయితే ఆ కుర్చీ ఖాళీగా ఉంచు, ఎవరినీ కూర్చోనివ్వకు. దాని పక్క కుర్చీ నీది. కాఫీ ఆ రోజు ఇంకెవరైనా పోస్తారు, మిసెస్ కొవాల్స్కీకి చెప్పు. ఆనాటి నలభైమందిలో ఎంతమంది మిగిలారో అందరినీ పిలు. అందరూ కూర్చున్నాక నువ్వు లేచి, అతనికి చెప్పింది వాళ్ళకీ చెప్పు. నా తరఫున కాదు, నీ నోటితో.

ఆ తర్వాత నేను చెక్క ఎక్కుతాను. ఆ నియమం ఒక్కరికే చెప్పమంది. ఆ ఒక్కరు ఇప్పుడు నేను, కాబట్టి దాన్ని నేనే విడుస్తున్నాను. గోడవైపు తిరగను. మీ అందరి వైపు తిరిగే శ్రుతి చేస్తాను.

నువ్వు మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టుకో. మూడో తీగ దగ్గర నేను సగంలో ఆగుతాను. అప్పుడు కుర్చీలోంచి లేవకు.

యానీ